మూటలాయన తెచ్చిన బియ్యం

“ఇంకో చెంబు నీళ్లు పోయండి,” అంది వంటక్క.

“పోస్తాను. తర్వాత అందరం గంజిలో దిగి ఈత కొడదాం,” అన్నాడు ఆమె భర్త.

ఆయన బస్సు కండక్టరు. ఊళ్లో అంటురోగం పాకి బస్సులు ఆగిపోయి నలభై రోజులైంది. ఆమె బడిలో వంట చేసేది. బడికీ తాళం పడింది. ఒకే వరసలో ఆరు గదులున్న ఆ లోగిలిలో ఎవరి గ్యాసు వాళ్లు కాల్చుకుంటే పది రోజులు కూడా రాదని ముందే పసిగట్టింది వంటక్క. అందరి సరుకులూ ఒకచోట పోయించి, పెరట్లో ఒక్క పొయ్యి పెట్టించింది. రోజుకు ఒక్కసారే వెలిగించేది. బంగాళాదుంప తొక్కలు పారెయ్యనిచ్చేది కాదు, వేయించేది. టీపొడి మూడుసార్లు మరిగితే గాని చెత్తబుట్ట మొహం చూసేది కాదు. మొదట్లో సణిగినవాళ్లు కూడా ఆమె గరిట కొలతకు అలవాటు పడిపోయారు.

అయినా రెండో నెల రాగానే డబ్బాలు అడుగంటాయి. అప్పటినుంచీ ఆ పొయ్యి మండుతోందంటే చివరి గదిలో ఉండే మూటలాయన చలవే.

మార్కెట్లో బస్తాలు మోసే మనిషి. ఒంటరివాడు. ప్రతి సాయంత్రం ఒక చిన్న బియ్యం సంచి తెచ్చి పెరటి గోడ మీద పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్లి నిలబడేవాడు.

“గోడౌన్లో ఊడ్చిన బియ్యం వదినా. బాగా కడగండి,” అనేవాడు.

ఆ తర్వాత చాలాసేపు కుళాయి దగ్గర ఒళ్లు రుద్దుకునేవాడు. తన గిన్నె తాను తెచ్చుకుని, గోడవారగా ఒక్కడే కూర్చుని తినేవాడు.

“ఇటు రారా. నీతో నాలుగు మాటలాడితేనే గాని నాకీ గంజి దిగదు,” అని పిలిచేవాడు కండక్టరు.

“వద్దన్నయ్యా, ఒళ్లంతా దుమ్ము,” అని నవ్వేసేవాడు.

రెండో గదిలో గడియారాలు బాగుచేసే పెద్దాయనకు ఇదంతా నచ్చలేదు.

“మార్కెట్ మూసి నెల దాటింది. ఇంకా ఏ గోడౌను, అమ్మాయ్? వీడు చేతివాటం చూపిస్తున్నాడు. పట్టుబడితే వాడితోపాటు మనల్నీ ఈడుస్తారు.”

“పిల్లలు ఆకలని ఏడుస్తుంటే ఎక్కడిదని అడగమంటారా బాబాయ్?” అంది వంటక్క. అనైతే అంది గాని, పెద్దాయన మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆ వారంలోనే కండక్టరుకు జ్వరం తగిలింది. మూడో రోజుకు ఊపిరి అందలేదు. ఒళ్లంతా కప్పుకున్న ఇద్దరు మనుషులొచ్చి బండి ఎక్కించారు. ఎక్కుతూ వెనక్కి తిరిగి, “ఇవాళ గంజి చిక్కగా కాచు. నా వాటా మిగిలిందిగా,” అన్నాడు, రొప్పుతూనే.

నాలుగో రోజు ఫోను వచ్చింది. అయిపోయిందట. ఎవరూ రాకూడదట. ఎక్కడ పూడ్చారో తర్వాత చెబుతారట.

వంటక్కను రెండు వారాలు గది దాటొద్దన్నారు. గుమ్మం దగ్గర గిన్నె పెట్టడానికి ఎవరొచ్చినా ఆమె అడిగేది ఒక్కటే.

“శవాల్ని కర్రలతో గోతుల్లోకి తోసేస్తున్నారట, నిజమేనా? పాతికేళ్లు కాపురం చేశాను. ఆయన్ను ఎవరెత్తారో, ఎలా పడేశారో. మనవాడన్నవాడు ఒక్కడు పక్కన లేకుండా పోయాడు.”

వచ్చినవాళ్లు గిన్నె పెట్టి తప్పుకునేవాళ్లు. పెట్టిన గంజి పెట్టినట్టే చల్లారిపోయేది.

ఓ సాయంత్రం మూటలాయన గుమ్మానికి దూరంగా వచ్చి నిలబడ్డాడు.

“రెండు గరిటెలైనా తాగండి వదినా. అన్నయ్యకు ఏ లోటూ జరగలేదు.”

“నువ్వు చూసొచ్చావా? ఊరుకోబెట్టడానికి ఏ మాటైనా అనేయడమేనా?”

అతను తలొంచుకుని వెళ్లిపోయాడు.

పదిహేనో రోజున ఆమె బయటికొచ్చి మళ్లీ గరిట పట్టుకుంది. పెద్దాయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“నిన్న పొద్దున్నే వాడి వెనకాలే వెళ్లానమ్మాయ్. వీధి మలుపులో ఓ మూసిన వ్యాను ఎక్కాడు. లోపల ఇంకో నలుగురున్నారు. మనుషులు పోయి ఎన్ని ఇళ్లు తాళాలు పడి ఉన్నాయో తెలుసుగా? వాటి మీద పడ్డారు. గది ఖాళీ చెయ్యమని చెప్పు. నీ మాటయితే వింటాడు.”

సాయంత్రం మూటలాయన సంచి గోడ మీద పెట్టి వెనక్కి జరుగుతుంటే వంటక్క పిలిచింది.

“ఆ సంచి తీసుకుపో.”

“ఏమైంది వదినా?”

“చచ్చినవాళ్ల ఇళ్లలో దోచిన తిండి మాకొద్దు. ఆయన చేత కూడా అదే తినిపించావు. ఆఖరి ముద్ద కూడా దొంగ ముద్దే అయింది.”

“దొంగది కాదు వదినా. కూలి.”

“మార్కెట్టే లేదు. ఏం కూలి?”

“ఎవరూ ఒప్పుకోని పని. రోజుకో సంచి ఇస్తారు. చెబితే మీరెవరూ ఆ బియ్యం ముట్టరు. నన్నీ లోగిలిలో ఉండనివ్వరు. అందుకే చెప్పలేదు.”

“ఇప్పుడు చెప్పు. లేదంటే ఈ పూటే సామాను సర్దుకో.”

అతను కుళాయి తిప్పాడు. మోచేతుల దాకా సబ్బు రాసుకుని కడుక్కున్నాడు. మళ్లీ రాసుకున్నాడు. పొయ్యి మీద గంజి పొంగి మంటలో పడుతున్నా ఆమె కదల్లేదు. నీళ్లు కట్టేసి, అతను మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

“అన్నయ్యను ఈ చేతులతోనే గోతిలోకి దించాను, వదినా.”