విషాద పాత్ర

"ఎందుకే వాళ్ళు నవ్వుతున్నారు?" తెర పక్కకు వస్తూనే అడిగింది గున్నిల్లా. బిడ్డను పోగొట్టుకున్న రాణి ఏడుపు పాట అప్పుడే ముగించి వచ్చిందామె.

గొంతు పోయిందని, పాటలతో నాటకాలాడే రాజుగారి ఆపెరా వాళ్ళు ఆమెను పంపేశారు. స్టాక్‌హోమ్‌లోనే స్వీడిష్ భాషలో హాస్యనాటకాలు ఆడించే ఎక్‌మార్క్ మాత్రం, "మా దగ్గరా ఒక విషాద పాత్ర ఉందమ్మా" అని పిలిచి తెచ్చుకున్నాడు.

"తాగొచ్చిన జనం అక్కా. పట్టించుకోకండి," అంది బ్రీటా. ఒకప్పుడు గున్నిల్లా దగ్గరే పాట నేర్చుకున్న పిల్ల. ఈ నాటకంలో రాణి వెనకాల నిలబడే చెలికత్తె.

గున్నిల్లా చూపు ఆమె చేతుల్లోని గుడ్డల మూట మీద పడింది. "ఆ గుడ్డల్లో ఏంటది?"

బ్రీటా తల దించుకుంది. "ఎండు చేప."

"నేను ఏడుస్తుంటే నా వెనక దాన్ని జోకొడుతున్నావా?"

"ఎక్‌మార్క్ గారు చెయ్యమన్నారు. మీకు తెలిస్తే పాడరన్నారు."

బయట జనం బెంచీలు చరుస్తున్నారు. మళ్ళీ రాణి రావాలని కేకలు వేస్తున్నారు. అంతలో ఎక్‌మార్క్ పరుగున వచ్చాడు.

"ఇంకోసారి పాడాలమ్మా. ఇందాకటిలాగే, మనసు పెట్టి ఏడవాలి. మీరు నిజంగా ఏడిస్తేనే వాళ్ళకు నవ్వొచ్చేది."

గున్నిల్లా కాసేపు ఆ కేకలు వింటూ నిలబడింది.

"ఆపెరాలో ఏనాడూ నన్ను మళ్ళీ పాడమనలేదే," అంది బ్రీటాతో, మెల్లగా.

కళ్ళు తుడుచుకోబోయి ఆగింది. చెంపల మీది తడి అలాగే ఉంచుకుని దీపాల వెలుగులోకి నడిచింది.