పదకొండోది

స్టోర్స్‌లో స్టాప్‌వాచ్ అడిగితే ఇండెంటు రాయమన్నారు. దాని మీద రెండు సంతకాలు కావాలన్నారు. అందులో ఒక సంతకం సెలవులో ఉంది. లెక్కలమ్మాయికి అంత ఓపికెక్కడిది? హాల్లో ఓ బల్ల చివర ఒకటి కనబడితే తీసి మెడలో వేసుకుని పనిలోకి దిగింది.

ఆ ఫ్యాక్టరీలో ప్లానింగ్ విభాగానికి ఆమె వచ్చి వారం కాలేదు. అప్పుడే పేరు పెట్టేశారు. ఎవరు ఎదురుపడినా ముందు నమస్కారం, ఆ వెంటనే "దీనికి ఎంతసేపు పడుతుంది?" అనడం ఆమె అలవాటు మరి.

ఇవాళ లైనుకి పరీక్ష. ఇన్నాళ్లూ రోజుకి నాలుగు వందల ముక్కలు చేస్తే సరిపోయేది. కొత్త ఆర్డరు ఆరు వందలు అడుగుతోంది. లైను పూర్తి వేగంతో నడిస్తే ఎన్ని వస్తాయో ఎవరికీ తెలియదు. ఒప్పుకుంటామో లేదో మేనేజరు సాయంత్రంకల్లా జవాబు చెప్పాలి.

లైన్లో అయిదు బల్లలు. ఒక్కో బల్ల దగ్గరా పదేసి సార్లు కొలిచి సగటు కట్టింది. మొదటి నాలుగూ యాభై సెకన్ల లోపే. అయిదోది నిదానం బాబాయ్‌ది. అక్కడ అరవై!

ఆయన అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా లేదు. ఇరవై రెండేళ్లుగా "నిదానమే ప్రధానం" అంటుంటే అందులో సగం ఆయనకే అంటుకుంది. కిటికీ పక్కన కుర్చీ. వచ్చిన ప్రతి ముక్కనీ చెవి దగ్గర పెట్టుకుని ఎదురుగోడ వంక చూస్తూ కూర్చుంటాడు. నచ్చితే ప్యాకింగుకి, నచ్చకపోతే ఎర్ర ట్రేలోకి.

"బాబాయ్, ఒక్కోదాన్నీ అంతసేపు వినాలా?"

"ముప్పై సెకన్లు వినాలమ్మా. తక్కువైతే దాని గుణం తెలీదు."

"ముప్పై ఎక్కడ? నలభై వింటున్నారు. నేను కొలిచాను."

"ముప్పయ్యే తల్లీ. తీయడం, పెట్టడం అన్నీ కలిపినా ముప్పావు నిమిషం."

"నిండా నిమిషం!" అంటూ కాగితం ఆయన ముక్కు కింద పెట్టింది.

ప్యాకింగ్ అక్క కిసుక్కున నవ్వింది. "బాబాయ్ టైముతో పెట్టుకోకమ్మా. అయిదు నిమిషాల్లో వస్తానని ఈయన చెప్పి వెళ్తే, మా పిన్ని అన్నం వండేసి, తినేసి, గిన్నెలు కూడా కడిగేసుకుంటుంది."

బాబాయ్ నొచ్చుకోలేదు. ఎర్ర ట్రే వంక చూస్తూ వేళ్లు మడిచాడు. "నిన్న పదకొండు పక్కన పెట్టాను. పొద్దున చూస్తే పదే ఉన్నాయేంటి?"

ఉన్న పనికే టైము చాలకపోతే పనికిరానివి లెక్కపెట్టుకుంటున్నాడు! లెక్కలమ్మాయి ఆ ముక్క కూడా కాగితం మీద రాసుకుంది.

పనిగంటలు ఏడున్నర. అంటే ఇరవై ఏడు వేల సెకన్లు. అరవైతో భాగిస్తే నాలుగు వందల యాభై. ముందున్న నాలుగు బల్లలూ ఎంత ఉరికితే ఏం లాభం? గరాటులో పైన బిందెడు పోసినా కింద కారేది సన్నటి ధారే.

దారి కూడా తనే కనిపెట్టింది. అన్నిటినీ వినక్కర్లేదు, పదింటికొకటి వింటే చాలు. ఆ మాత్రం పని ఎవరైనా చేస్తారు. బాబాయ్‌ని అట్టపెట్టెలు మడిచే చోటికి మార్చేయొచ్చు.

భోజనాలయ్యాక ఆ మాట ఆయనకే చెప్పింది. ఒకరి గురించి వెనకాల మాట్లాడటం ఆమెకి గిట్టదు.

"అక్కడ కిటికీ ఉంటుందా?" అన్నాడు బాబాయ్.

"ఉండదు."

"ఊఁ" అని తరవాతి ముక్క చెవి దగ్గర పెట్టుకున్నాడు. "పదింటికొకటి వింటారు, సరే. మిగతా తొమ్మిదీ ఎవరి కొంప ముంచుతాయో!"

ఆమెకి మనసు చివుక్కుమంది. కానీ లెక్క లెక్కే.

అయిదింటికి బెల్లు మోగింది. మేనేజరు వచ్చాడు. లెక్కలమ్మాయి కాగితం అందించింది. "నాలుగు వందల యాభై సార్. అంతకు మించి ఒక్కటి రాదు."

"ఆరు వందలు వచ్చాయి" అంది ప్యాకింగ్ అక్క.

"పొరపాటు పడ్డావేమో అక్కా. మళ్లీ లెక్కపెట్టు."

"డబ్బాకి ఇరవై. ముప్పై డబ్బాలు. నేను చదివింది అయిదే గానీ, ఇరవయ్యో ఎక్కం వచ్చు తల్లీ."

లెక్కలమ్మాయి తనే వెళ్లి లెక్కపెట్టింది. ముప్పై డబ్బాలే. ఒకటి విప్పించి చూస్తే సరిగ్గా ఇరవై. పోనీ నిన్నటి మిగులు కలిసిందా? అది పొద్దున్నే లారీ ఎక్కేసింది. భోజనాల వేళ ఎవరైనా పనిచేశారా? అప్పుడు బాబాయ్ కిటికీకి తల ఆనించి కునుకు తీయడం ఆమే చూసింది. భాగహారం మూడుసార్లు చేసింది. మూడుసార్లూ నాలుగు వందల యాభయ్యే.

"లెక్క తప్పయ్యే ప్రసక్తే లేదు సార్" అంది చివరికి. "నిజమే ఎక్కడో తప్పుతోంది."

మేనేజరు తల పట్టుకున్నాడు. "ఇంతకీ ఆర్డరు ఒప్పుకోనా, మాననా? బాబాయ్‌ని మార్చనా, ఉంచనా? ఏదో ఒకటి తేల్చండమ్మా!"

లెక్కలమ్మాయి మెడలో తాడుని వేలికి చుట్టుకుంటూ నిలబడింది. బాబాయ్ చెయ్యి చాపాడు.

"అదోసారి ఇటివ్వమ్మా."

స్టాప్‌వాచ్ అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఎదురుగోడ మీది గడియారం వంక చూశాడు. ముప్పై సెకన్లు. ఈసారి ప్యాకింగ్ అక్క కూడా నవ్వలేదు.

బాబాయ్ దాన్ని ఎర్ర ట్రేలో పదకొండోదిగా పడుకోబెట్టి, "మనం ఇక్కడ చేసేవే స్టాప్‌వాచీలు కదా లెక్కలమ్మాయీ, ఇన్ని వందల్లో నీకు నేను పరుగెక్కువని పక్కన పడేసిందే దొరికిందా?" అన్నాడు.