నీళ్ళలో పాలు

పాలు తగిలితే చాలు ఊపిరాడని పాపకి పంపబోతున్న ఇడ్లీలో పాలున్నాయంటూ ఎర్రలైటు వెలిగింది.

మృదుల చప్పున ప్లేటు వెనక్కి లాగింది. నాంపల్లిలోని ఆ ప్రైవేటు దవాఖాన వంటింట్లో అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇడ్లీల పాలేంది మేడం? మినప్పప్పు, రవ్వ, ఉప్పు. గంతే!" అన్నాడు వంటమాస్టర్ సదాశివ.

"మరి లైటెందుకు వెలిగింది?"

"గది నన్నడుగుతరేంది? డబ్బా తెచ్చింది మీరు."

ఆ డబ్బా ఒక బయోసెన్సర్. దాని సూది మొన తగిలిస్తే, తిండిలో పాల జాడ ఏమాత్రం ఉన్నా ఎర్రలైటు, లేకపోతే పచ్చలైటు. మృదుల, సిద్ధార్థ్ కలిసి అబిడ్స్‌లో ఓ కిరాయి గదిలో కూర్చుని తయారుచేశారు. ఇవాళ ఇక్కడి పిల్లల డాక్టర్ జమున ఎదుట పరీక్ష. నెగ్గితే దవాఖాన వాళ్ళు తీసుకుంటారు. లేదంటే గదికి తాళం వేసి ఇద్దరూ ఉద్యోగాలు వెతుక్కోవాల్సిందే.

"పాల గిన్నెలో గరిటే పిండిలోనూ ముంచి ఉంటాడు," అన్నాడు సిద్ధార్థ్.

సదాశివకి పౌరుషం పొడుచుకొచ్చింది. "నా గరిటెనంటే ఊకోను సార్! జర ఆగున్రి." ఉప్పుడబ్బా తెచ్చి టక్కున ముందు పెట్టాడు. "దీంట్ల చూడున్రి."

మృదుల సూదిని దూదితో తుడిచింది. చిటికెడు ఉప్పు నీళ్ళలో కలిపి ముంచింది.

ఎరుపు.

అరటిపండు ఒలిచి గుచ్చింది. ఎరుపు.

డాక్టర్ జమున వెళ్ళి, నల్లా తిప్పి, ఒట్టి నీళ్ళు గ్లాసుతో పట్టుకొచ్చింది. మృదుల సూదిని మళ్ళీ తుడిచి అందులో ముంచింది.

ఎరుపే.

"పాలల్ల నీళ్ళు పోసెటోళ్ళను మస్తుమందిని చూసిన," సదాశివ బుర్ర గోక్కున్నాడు. "నీళ్ళల్ల పాలు పోసెటోడు గీ షహర్ల ఎవడున్నడు సార్?"

మృదుల డాక్టర్ వైపు తిరిగింది. "నిన్న సాయంత్రం నల్లా నీళ్ళకి పచ్చలైటే వచ్చింది డాక్టర్. నా కళ్ళతో చూశాను. తర్వాత సిద్ధార్థ్ ఇంటికి తీసుకెళ్ళి భద్రంగా ఉంచాడు. ఇంకెవరూ ముట్టుకోనే లేదు. ఇంతలో ఏమైందో నాకేం అర్థం కావట్లేదు..."

"దిష్టి తగిలింది మేడం. నిమ్మకాయ తెమ్మంటరా?"

"ఏయ్! ఇది సైన్స్!" సిద్ధార్థ్ అరిచాడు. "నిమ్మకాయలతో నడిచేది కాదు!"

"అసలు నడవడమే లేదు కదా," అంది డాక్టర్ జమున. "ఏమీ అనుకోకండి. నీళ్ళకీ పాలకీ తేడా తెలియని మిషన్‌ని నమ్మి పసిపిల్లల నోటికి ముద్ద అందించలేను."

ఆవిడ గుమ్మం వైపు నడిచింది. మృదుల కన్నీళ్ళు ఆపుకుంటూ డబ్బా సర్దడం మొదలుపెట్టింది. సిద్ధార్థ్ ఒక్క అంగలో వెళ్ళి డాక్టర్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"దానికి తేడా బాగా తెలుసు డాక్టర్," అన్నాడు. "శుభ్రంగా తుడిచాననే అనుకున్నాను... పొద్దున బయల్దేరే ముందు, ఎవరూ చూడకుండా డబ్బాని దేవుడి పటం ముందు పెట్టి, దానికి పాలాభిషేకం చేసింది నేనే!"