ఏడిళ్ల సందు

పెద్ద రోడ్డు ఇస్తామన్నారు. వెర్నెల్ గేదర్స్ వద్దంది.

స్టేషన్ నుంచి కోర్టు దాకా రెండు మైళ్ల రోడ్డు అది. ఆ అలబామా పట్నంలో అంతకన్నా పెద్ద వీధి లేదు. దానికి ఆమె అన్న క్లీటస్ పేరు పెట్టాలని చర్చివాళ్లు ఇంటింటికీ తిరిగి నాలుగువేల సంతకాలు తెచ్చారు. క్లీటస్ కూడా ఒకప్పుడు ఇంటింటికీ తిరిగినవాడే. 1964లో, నల్లవాళ్ల పేర్లు ఓటర్ల జాబితాలో ఎక్కించడానికి. ఆ ఎండాకాలమే పెట్రోలు బంకు దగ్గర అతన్ని కాల్చి చంపారు. అప్పటికి అతనికి ఇరవై ఆరేళ్లు.

నలభై ఏళ్ల తర్వాత కౌన్సిల్ దిగొచ్చింది. కుటుంబం ఒప్పుకుంటేనే పేరు పెడతామంది. ఆ కుటుంబంలో మిగిలింది వెర్నెల్ ఒక్కతే.

"నాకు డాగ్‌వుడ్ లేన్ కావాలి," అందామె.

పాస్టర్ పెటిగ్రూ సరిగ్గా విన్నానా అనుకున్నాడు. ఆయన ఒహాయో నుంచి ఈ ఊరు వచ్చి ఆరేళ్లయింది.

"రైలు పట్టాల అవతలిదా? అది వీధి కూడా కాదు సిస్టర్. ఏడిళ్ల సందు. చివర గోడ."

"తెలుసు."

"అక్కడ మనవాడు ఒక్కడైనా ఉన్నాడా?"

"లేడు."

"మరి ఆ బోర్డు ఎవరు చదవాలి?"

"ఉన్నవాళ్లు చదువుతారు."

అంతకుమించి ఒక్క ముక్క రాలేదు ఆమె నోట్లోంచి. ఆ ఆదివారం చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చోలేదు. వెనక బల్లల మీది ఆడవాళ్లు ఆమెకు వినపడేలాగే అనుకున్నారు.

"ఇన్నేళ్లూ నోరు మెదపలేదు. మూడేళ్లుగా మాత్రం ఒకటే అన్నజపం."

"ఇప్పుడేమో తెల్లవాళ్ల గుమ్మంలోనే బోర్డు కావాలట. ఒళ్లంతా పొగరు!"

"బడి వంటగదిలో ముప్పయ్యేళ్లు గరిటె తిప్పింది కదా, అందరూ తన ముందు వరసలో నిలబడాలనుకుంటోంది."

పట్టాల అవతలి తెల్లవాళ్లు అంత మర్యాద కూడా పాటించలేదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఆమె కారు నాలుగు టైర్లూ కోసి ఉన్నాయి. డాగ్‌వుడ్ లేన్‌లో ఆమె మొదటి ఇంటి గంట నొక్కగానే ఒకాయన జాలీ తలుపు వెనక నుంచే, "ఇంకో మెట్టెక్కావంటే కుక్కని వదుల్తా," అన్నాడు. రెండో ఇంట్లో వాళ్లు టీవీ శబ్దం పెంచారు.

ఏప్రిల్‌లో కౌన్సిల్ విచారణ జరిగింది. హాల్లో ఓ పక్క చర్చివాళ్లు, ఓ పక్క డాగ్‌వుడ్ లేన్ వాళ్లు. రెండు పక్కలవాళ్లూ ఆమెనే కొరకొరా చూస్తున్నారు.

నాలుగో నంబరు ఇంటి లోరా బెకెట్ మైకు అందుకుంది. "మా నాన్నకి డెబ్బై తొమ్మిదేళ్లు. చివరి రోజులు ప్రశాంతంగా గడుపుదామని నా దగ్గరికొచ్చాడు. పెన్షన్ కాగితాల నుంచి మందుల చీటీల దాకా అన్నిటి మీదా అడ్రసు మార్చుకోవాలా ఆయన? ఎవరిదో పేరు కోసం?"

"మార్చుకోవాలి," అంది వెర్నెల్ కూర్చున్న చోటునుంచే. "అన్నిటి మీదా."

"మా మీద ఏమిటమ్మా నీకింత కక్ష?"

"నీ మీద నాకేం లేదమ్మా."

మేయర్ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టాడు. ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. "మిస్ గేదర్స్, ఆఖరిసారి అడుగుతున్నా. పెద్ద రోడ్డు, నది ఒడ్డున పార్కు, అందులో మీ అన్న నిలువెత్తు విగ్రహం. ఇంకేం కావాలి మీకు?"

"ఏడిళ్లు."

పెద్ద రోడ్డు మీది కొట్లవాళ్లు ఊపిరి పీల్చుకున్నారు. కౌన్సిల్‌కీ అదే చవక బేరమనిపించింది. నాలుగు ఓట్లు అటు, మూడు ఇటు. డాగ్‌వుడ్ లేన్ పేరు పోయింది.

వరండాలో పాస్టర్ ఆమె దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఊరంతా చూసేలా నిలబెడదామనుకున్నాం నీ అన్నని. తీసుకెళ్లి గోడ మూల పడేశావు. నాలుగువేల మంది సంతకాలు మురిక్కాలవలో కలిపేశావు. కొన్నాళ్లు నా చర్చివైపు రాకు."

వెర్నెల్ టోపీ సర్దుకుని మెట్లు దిగింది. వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

జూన్ మొదటి సోమవారం పొద్దున్నే మున్సిపాలిటీ మనుషులిద్దరొచ్చి స్తంభం పాతారు. చప్పట్లు లేవు, పాటల్లేవు, పూలు లేవు. చర్చి నుంచి ఒక్కరూ రాలేదు. పనివాళ్లు బోల్టులు బిగించి వెళ్లిపోయాక, ఆకుపచ్చ బోర్డు కింద వెర్నెల్ ఒక్కతే మిగిలింది.

పదిన్నరకి పోస్టు బండి వచ్చింది. నాలుగో నంబరు పెట్టెలో ఒకే ఒక్క కవరు వేసి వెళ్లింది. దాన్ని శనివారం పోస్టు చేసింది వెర్నెలే. లోపల తెల్ల కాగితం. పైన అడ్రసు మాత్రం, చదువు వచ్చీరానివాళ్లకి కూడా తెలిసేలా, పెద్ద పెద్ద అక్షరాల్లో రాసింది.

ముసలాయన చేతికర్ర నేలకి కొట్టుకుంటూ పెట్టె దాకా వచ్చాడు. కవరు తీశాడు. కళ్ల దగ్గరగా పెట్టుకుని చదివాడు. మళ్లీ చదివాడు. తలెత్తి బోర్డు చూశాడు, తర్వాత దాని కింద నిలబడ్డ మనిషిని చూశాడు.

వెర్నెల్ అక్కణ్నుంచి కదల్లేదు.

పన్నెండుమంది తెల్ల జ్యూరీ నిర్దోషివి పొమ్మంటే నవ్వుకుంటూ ఊరొదిలి, మూడేళ్ల కిందటే చప్పుడు కాకుండా కూతురింటికి తిరిగొచ్చిన ఆ హార్లన్ ఫ్రై, ఇక బతికినన్నాళ్లూ ఉండేది తను కాల్చి చంపిన క్లీటస్ గేదర్స్ పేరున్న వీధిలోనే.