సింబల్స్ చప్పుడు

నర్సు ఉద్యోగంల మొదటి జీతం రాంగనే కోమల తన అన్న డేవిడ్‌ను హుజూర్‌నగర్ దుకాణానికి తీసుకొచ్చింది. అన్నకిష్టమైన రాక్, మెటల్ పాటలకు చెవులు నిండుగ కప్పే హెడ్‌ఫోన్లు కొనియ్యాలని ఆమె ఆశ.

డేవిడ్ మూడోది గూడ తీసేసిండు. "దీంట్ల గూడ డ్రమ్ములు ఇనొస్తున్నయి గని సింబల్స్, గా ఇత్తడి పళ్లాల మోత, ఇనొస్తలేవన్నా. ఇంకోటి చూపియ్యి."

"గింత అగ్గువ ధరల గింతకన్న మంచిది దొరకది తమ్మీ," అన్నడు దుకాణపాయన.

కోమల అవి తీసుకొని పెట్టుకుంది. గిటార్ల హోరు మీద సింబల్స్ గలగలమని మోగుతున్నయి.

ఆమెను చదివించేటందుకు అన్న ఆరేండ్ల సంది సిమెంటు ఫ్యాక్టరీల, రాళ్లు పగలగొట్టే మిషిన్ కాడ, చెవులు గింగురుమనే మోతలనే పనిచేస్తుండు. ఆమె మెల్లగ హెడ్‌ఫోన్లు తీసింది.

"నాకు... ఇనొస్తున్నయన్నా."

డేవిడ్ చెయ్యి తన చెవి మీదికి పోయింది.

"ఈ నడుమ పాటలే పాడైనయనుకున్న చెల్లె," అన్నడు.