గ్లిజరిన్ లేకుండానే

“సెట్లో నా గొంతు తప్ప ఇంకో గొంతు వినపడకూడదు!” అన్నాడు డైరెక్టరు, బురద బూట్లతోనే రోగి గదిలోకి వస్తూ.

మహానుభావుడు తీస్తున్న సినిమా మంచానపడ్డ తండ్రికి ఓ కూతురు చేసే సేవ గురించి. ఆయన మాత్రం జన్మలో ఎవరికీ గ్లాసెడు మంచినీళ్ళు అందించిన పాపాన పోలేదు. అయినా సేవంటే ఏమిటో లోకానికి ఆయనే నేర్పాలట!

చిన్న ఊళ్ళో, నిజంగా రోగి ఉన్న ఇల్లే కావాలని పట్టుబట్టాడు. మంచం, మందుసీసాలు, గదిలో వాసన అన్నీ అసలువే ఉండాలి. రోగిని మాత్రం పక్కగదిలోకి మార్చి, ఆ మంచమ్మీద నటుణ్ని పడుకోబెట్టమన్నాడు. ఆ నటుడు పొరుగూళ్ళో నాటకాలేసే మాస్టారు. మేనేజరే కుదిర్చాడు. చిన్న వేషాలవాళ్ళ మొహాలు ముందే చూడ్డం డైరెక్టరుగారికి నామోషీ.

“సార్, ఒక్క మాట...” అన్నాడు మేనేజరు.

“నా సెట్లో ఆ ఒక్క మాటా నేనే మాట్లాడతాను. కెమెరా!”

ముసలాయన వెల్లకిలా పడుకుని ఉన్నాడు. మూతి ఓ పక్కకి వంకరపోయింది. ఆ పక్కనుంచి చొంగ కారుతోంది.

“ఆహా! ఈయన్ని ఎక్కడ పట్టావయ్యా?” అన్నాడు డైరెక్టరు. అడగడమే గాని జవాబు వినే అలవాటు ఆయనకి లేదు.

హీరోయిన్ గ్లాసు ముసలాయన నోటికి ఆనించింది.

“అయ్యో, అలా పట్టకండి! తల పైకెత్తి, చెంచాతో పట్టాలి. పొలమారుతుంది!” అంటూ గుమ్మంలోంచి ఇంటావిడ ఒక్క అంగలో లోపలికొచ్చింది.

“ఇల్లిచ్చిన ప్రతివాళ్ళూ డైరెక్షన్ చేసేవాళ్ళే! ఈవిణ్ని బయట పెట్టండి.”

ఇద్దరు అసిస్టెంట్లు ఆవిడ రెక్కలు పట్టుకుని ఈడ్చుకెళ్ళి, తలుపు గడియ వేశారు. బయటినుంచి ఆవిడ తలుపు బాదుతూ ఏదో అరుస్తోంది. మేనేజరు తలుపుదాకా వెళ్ళి వెనక్కొచ్చాడు. నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది మరి. వెధవ ఉద్యోగం!

నీళ్ళు గొంతులోకి పోయాయి. ముసలాయన ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. మొహం కందగడ్డలా అయింది. కదిలే చెయ్యి ఒక్కటీ దుప్పటిని పట్టుకు పీకుతోంది.

“సార్, ఈయనకి కళ్ళంట నీళ్ళొస్తున్నాయి,” అంది హీరోయిన్ భయంగా.

“గ్లిజరిన్ లేకుండానే! చూసి నేర్చుకో. పదేళ్ళనుంచి ఏడుస్తున్నావు, ఒక్కసారన్నా అలా ఏడ్చావా? కట్! ఇంకో టేక్. ఈసారి గ్లాసు నిండా పొయ్యండి. ఏయ్, ముందు ఎవరన్నా ఆ తలుపు తీసి, బాదుడు ఆపించండయ్యా!”

గడియ తీశారు. ఇంటావిడ అందర్నీ తోసుకుంటూ లోపలికి పరిగెత్తింది. ఆవిడ వెనకాలే ఓ పెద్దాయన, భుజాన సంచీతో, చెమట తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడ్డాడు.

“క్షమించాలి సార్, దారిలో బస్సు చెడిపోయి ఇప్పుడే దిగాను, మంచమ్మీద తండ్రి వేషం వెయ్యాల్సింది నేనేనండీ.”