పేపర్లో పడ్డ తల్లి

సభలో ఒక నాయకుణ్ణి కాల్చి చంపాడని రోశమ్మ కొడుకును పోలీసులు పట్టుకున్నారు. మూడోనాటికి మదరాసు విలేఖరి కెమెరాతో ఉదయగిరి వచ్చాడు.

"కాస్త ఏడవండమ్మా, ఫొటో బాగా వస్తుంది," అన్నాడు.

"నీకు చూపించేదానికా నాయనా నేను ఏడ్చేది?" అని రోశమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

పక్కింటి కామమ్మ మాత్రం ఎవరూ అడక్కుండానే ఏడుస్తూ నిలబడి ఉంది. విలేఖరి ఆమెను రోశమ్మ అరుగు మీద కూర్చోబెట్టి ఫొటో తీసుకుని, ఆత్మకూరు బస్సెక్కాడు. విచారణ ఇంకా మొదలుకాలేదు గాని, ఆ బొమ్మ కింద "హంతకుడి కన్నతల్లి" అని పేపర్లో పడింది.

వారం తిరిగాక రోశమ్మ కొడుకును చూడటానికి జైలుకు పోయింది. గేటు దగ్గర జవాను పేపరు తెరిచి చూపించాడు.

"వాడి తల్లి ఈమె. నువ్వెవరు?"

"వాణ్ణి కన్నదాన్ని నేనే సామీ."

"పేపర్లో అబద్ధం రాస్తారా?"

మరుసటి వారం ఆమె కామమ్మను వెంటబెట్టుకుని వెళ్ళింది. జవాను కామమ్మను చూడగానే గేటు తీశాడు. రోశమ్మను బయటే ఆపాడు.

రోశమ్మ సజ్జరొట్టెల మూట కామమ్మ చేతికిచ్చింది.

"వాడి ముందర ఏడవబాక కామమ్మా. కోతలుండి అమ్మ రాలేదని చెప్పు."